భీమిలి నుంచి కళింగపట్నం దాకా: తొలి క్రాస్‌కంట్రీ ఫ్లైట్ ప్లాన్ ఎలా వేసుకోవాలి?

విమానం నడపడం నేర్చుకునేవారికి మన ఉత్తరాంధ్ర తీరం చక్కటి పాఠం. కుడిపక్క సముద్రం, ఎడమపక్క దూరంగా తూర్పు కనుమలు, మధ్యలో వరసగా నదులు. భీమిలి నుంచి విజయనగరం జిల్లా తీరం మీదుగా శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వెళ్లి, తీరం చూసి తిరిగొచ్చే క్రాస్‌కంట్రీ ఫ్లైట్‌ను, అంటే ఒక చోటి నుంచి దూరంగా మరో చోటికి దారి చూసుకుంటూ వెళ్లే ఫ్లైట్‌ను, కాగితం మీద ప్లాన్ చేద్దాం. స్టూడెంట్ పైలట్ ప్రయాణికులను ఎక్కించుకోకూడదు కాబట్టి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు.

ముందుగా దారిలో గుర్తులు ఎంచుకోండి. పైనుంచి చూస్తే ఊళ్లన్నీ ఒకేలా ఉంటాయి: డాబాలు, చెరువు, కొబ్బరిచెట్లు. నదులు సముద్రంలో కలిసే చోట్లను నమ్ముకోండి. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, తర్వాత నాగావళి, చివర వంశధార. మధ్యలో చిన్న గెడ్డలు కూడా సముద్రంలో కలుస్తాయి, వాటిని నదులనుకుంటే లెక్కంతా తప్పుతుంది. పైగా వేసవిలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ప్రతి గుర్తుకూ ఇంకో ఆధారం పెట్టుకోండి. నాగావళికి కాస్త ఎగువన శ్రీకాకుళం పట్టణం, వంశధారకు కళింగపట్నం లైట్‌హౌస్. వీటికి తోడు చేతిగడియారం.

తర్వాత మ్యాపు మీద గీత గీసి, ప్రొట్రాక్టర్‌తో దిశ కొలవండి. దూరం సుమారు 47 నాటికల్ మైళ్లు (ఒక్కో మైలు దాదాపు 1.85 కిలోమీటర్లు), దిశ ఉత్తరం నుంచి కుడికి దాదాపు 55 డిగ్రీలు వస్తుంది. ఆ గీత ఎక్కడైనా సముద్రం మీదుగా పోతుంటే నేల వైపు జరపండి. మనం నడిపే చిన్న విమానం సెస్నా 172కి ఉన్నది ఒక్కటే ఇంజిన్. అది ఆగితే 2,000 అడుగుల ఎత్తు నుంచి దాదాపు 3 నాటికల్ మైళ్లే గ్లైడ్ అవుతుంది.

అసలు పని గాలి లెక్క. విమానం వేగం 100 నాట్లు (గంటకు 100 నాటికల్ మైళ్లు), ఆగ్నేయం నుంచి, అంటే 145 డిగ్రీల నుంచి, 15 నాట్ల గాలి వీస్తోందనుకుందాం. అది మనకు సరిగ్గా కుడిపక్క నుంచి తగులుతుంది. దాన్ని పట్టించుకోకుండా 55 మీదే ముక్కు పెట్టి వెళ్తే, 28 నిమిషాల తర్వాత కళింగపట్నం ఉండాల్సిన చోట పొలాలుంటాయి. తీరం 7 మైళ్లు కుడివైపు ఉండిపోతుంది. 60 మైళ్లకు ఒక డిగ్రీ తేడా అంటే ఒక మైలు తేడా అన్న సూత్రం ఉంది. 47 మైళ్లకు 7 మైళ్లంటే 60కి దాదాపు 9, కాబట్టి 9 డిగ్రీలు కుడికి దిద్దుకుని 64 పట్టాలి. ఈ లెక్క యాప్ కూడా చేసి పెడుతుంది. అయినా మొదట చేత్తోనే చేయమంటాను. పైన ట్యాబ్లెట్ ఆగిపోయినా టెన్షన్ పడకుండా ఉండగలిగేది చేత్తో చేసినవాళ్లే.

ఇంధనం లెక్క తేలికే. రానూపోనూ దాదాపు గంట, గంటకు సుమారు 35 లీటర్లు. దానికి ట్యాక్సీయింగ్ (నేల మీద విమానం నడపడం), పైకెక్కడం, దారి మార్చుకోవాల్సి వస్తే పట్టేది కలపండి. పగటి వీఎఫ్‌ఆర్‌కు, అంటే బయటికి కంటితో చూస్తూ నడిపే ఫ్లైట్‌కు, అరగంట రిజర్వ్ తప్పనిసరి, నేనైతే ముప్పావుగంట ఉంచమంటాను.

పొద్దున్నే బయల్దేరడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక కనుమల మీద ఉరుముల మేఘాలు కమ్ముకుంటాయి. విజిబిలిటీ 5 కిలోమీటర్లకన్నా తగ్గితే వీఎఫ్‌ఆర్ కుదరదు. చలికాలపు పొగమంచులో ఇది తరచూ ఎదురయ్యే చిక్కే.

చివరగా అనుమతులు. విశాఖ రన్‌వే నేవీది, కాబట్టి ఆ చుట్టుపక్కల ఆంక్షలను, నోటామ్‌లను (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక నోటీసులను) ఒకటికి రెండుసార్లు చదవండి. ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేసి, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబర్లు తీసుకోవాలి. ఆ రెండూ నావ్‌లాగ్ (ఈ లెక్కలన్నీ రాసుకునే కాగితం) పైన రాసుకుని, ఇన్‌స్ట్రక్టర్‌కు లెక్కలు చూపించాకే విమానం దగ్గరికి నడవండి.