తుపాన్ల నెలల్లో విశాఖలో షూటింగ్‌కి స్థలం అద్దెకు తీసుకుంటున్నారా? ముందు ఎర్త్ చూడండి

ఈమధ్యే మధురవాడ వైపు ఒక అద్దె గోడౌన్‌లో నగల యాడ్ తీస్తుండగా లైట్ స్టాండ్ జరుపుతున్న కుర్రాడికి షాక్ కొట్టింది. చెయ్యి స్టాండ్‌కి అతుక్కుపోయింది. మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి ఉన్న ఒకాయన వెంటనే ఆపేశాడు కాబట్టి పిల్లాడు బతికాడు. ముందురోజు రాత్రి వాన పడి నేలంతా చెమ్మగా ఉంది. లైటులో ఎక్కడో ఇన్సులేషన్ పోయి కరెంటు బాడీకి వచ్చింది. అలా రావడం మామూలే, దాన్ని భూమిలోకి పంపేయడానికే ఎర్త్ ఉంటుంది. అక్కడ ప్లగ్ పాయింటుకి మూడో కన్నం ఉంది, దాని వెనక పచ్చ వైరు కూడా ఉంది. ఆ వైరు భూమిదాకా వెళ్లలేదు.

దసరా నుంచి డిసెంబరు దాకా మనకి తుపాన్ల కాలం. కార్తీకం, మార్గశిరం ముహూర్తాల వల్ల ప్రీ వెడ్డింగ్ షూట్లు, యాడ్లు, షార్ట్ ఫిల్ములు కూడా సరిగ్గా అప్పుడే ఎక్కువ. లాసన్స్ బే దగ్గర పాత ఇళ్లు, ఎంవీపీ కాలనీలో పై అంతస్తు హాళ్లు, ఆటోనగర్, పెందుర్తి వైపు గోడౌన్లు రోజువారీ అద్దెకు దొరుకుతున్నాయి. రేటు బేరం, ఏసీ, మేకప్ రూము, పార్కింగ్ సంగతులు మీకు తెలిసినవే. అవి వదిలేసి, చాలామంది అడగని విషయం చెబుతాను.

ఎర్త్

చూడ్డానికి స్థలం ఎంత బాగున్నా, ఓనరు ఎంత పెద్దమనిషైనా, ఎర్త్ పరీక్షించకుండా మీ లైటు ప్లగ్ అక్కడ పెట్టకండి. నా కళ్లముందు మనుషుల్ని, డబ్బుని, పరికరాల్ని ఎక్కువగా ముంచింది ఈ ఒక్క పొరపాటే.

సముద్రం పక్క ఊళ్లో ఈ బాధ ఎక్కువ. ఉప్పుగాలి ఇనుముని వదలదు. ఎర్త్ పిట్‌లో, అంటే ఎర్త్ కోసం తవ్విన గుంతలో, జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు), దానికి వైరు బిగించే క్లాంపు కొన్నేళ్లలోనే తుప్పు పట్టి పొరలుగా రాలిపోతాయి. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉంటే ఇంకా తొందరగా పోతాయి. గోడ లోపల వైరింగ్ కొత్తగా మెరుస్తుంటుంది, బయట గుంతలో క్లాంపు ఊడి ఉంటుంది. కట్టినప్పుడు పెట్టిన పిట్‌ని మళ్లీ తెరిచి చూసినవాళ్లు తక్కువ. అడిగితే 'ఎర్త్ ఉందండీ' అనే చెబుతారు. అబద్ధం కాదు, వాళ్లకీ తెలియదు. అందుకే మాట మీద ఆగకండి, పిట్ మూత తీయించి చూడండి. పిట్ ఎక్కడుందో ఓనరుకే తెలియకపోతే ఆ ఇంటి కరెంటు వాడకండి.

మూత తీసి చూశాక కొలవాలి. షూటింగ్ రోజు పొద్దున కాదు, అడ్వాన్స్ ఇచ్చే ముందు, మీ సొంత ఎలక్ట్రీషియన్‌తో. మల్టీమీటర్ పెడితే ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. అంత వచ్చినా అది సగం పరీక్షే. బలహీనమైన ఎర్త్ కూడా మల్టీమీటర్‌కి 230 చూపించేస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అసలు లోడు పడినప్పుడే బండారం బయటపడుతుంది. ఎర్త్ టెస్టర్‌తో రెసిస్టెన్స్ కొలిపించండి, 5 ఓములు దాటితే ఒప్పుకోకండి.

ఇంకో మోసం ఉంది. ఎర్త్ లేని చోట కొందరు ప్లగ్ పాయింటు లోపలే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి లూప్ కొట్టేస్తారు. మీటరు పెడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే, ఈదురుగాలికి స్తంభం దగ్గర తెగడం మనకి మామూలే, మీ లైటు బాడీ, స్టాండు, మేకప్ రూములో ఫ్రిజ్ అన్నీ ఫేజుగా మారిపోతాయి. కాబట్టి ఒకటి రెండు ప్లగ్ పాయింట్లు విప్పించి చూడండి. ఎర్త్ పచ్చ వైరు, న్యూట్రల్ నల్ల వైరు కలిసి కనిపిస్తే అక్కడినుంచి వచ్చేయండి.

బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనకండి. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), 30 మిల్లీయాంపులది. దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది పనిచేయదు. పడింది కదా అని ఎర్త్ ఉన్నట్టు కాదు, ఆ బటన్‌కీ ఎర్త్‌కీ సంబంధం లేదు. రెండూ విడివిడిగా చూడాలి.

లోడు

మామూలు 6 యాంపుల పాయింటు మీద సుమారు 1,380 వాట్లే నడుస్తాయి. ఒక వెయ్యి వాట్ల లైటు పెట్టాక అందులో ఇంకోటి పెట్టొద్దు. 4కే హెచ్‌ఎంఐ (నాలుగు వేల వాట్ల పెద్ద షూటింగ్ లైటు) ఒక్కటే 17 యాంపులకి పైగా లాగుతుంది, అంటే 16 యాంపుల పవర్ పాయింటు కూడా దానికి చాలదు. ఇంటి మీటరు మీద శాంక్షన్ లోడు (వాడుకోవడానికి మంజూరైన లోడు) ఎంతో కరెంటు బిల్లులోనే రాసి ఉంటుంది. ఆ బిల్లు ఫొటో అడగండి. మూడు కిలోవాట్ల ఇంటి కనెక్షన్ మీద షూటింగ్ యూనిట్ మొత్తం నడిపిస్తామంటే కుదరదు. జెనరేటర్ తెచ్చుకోండి. ఎల్‌ఈడీలు మాత్రమే వాడేవాళ్లకి లోడు ఇబ్బంది తక్కువ, ఎర్త్ ఇబ్బంది అలాగే ఉంటుంది.

కేబుల్ డ్రమ్ము మొత్తం విప్పి వాడండి. చుట్టి ఉన్న కేబుల్లో వేడి బయటికి పోదు, లోపలి చుట్లు కరిగి అతుక్కుపోతాయి.

గాలీ వానా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అంత పెద్ద తుపాను రాకపోయినా, అల్పపీడనం గాలికే వదులైన రేకు ఊగుతుంది. గోడౌన్ ఇనుప దూలాలకి లైట్లు, బ్యాక్‌డ్రాప్ పైపులు వేలాడదీస్తారు. పెయింటు పైకి బాగానే ఉంటుంది, లోపల ఉప్పు తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గీరి చూడండి, పొరలు రాలితే ఆ దూలానికి ఏమీ కట్టకండి. నేల మీద స్టాండ్లతో సర్దుకోండి, ప్రతి స్టాండు కాలికీ ఇసుక బస్తా వేయండి.

2020 ఫిబ్రవరి 19న చెన్నై శివార్లలో ఈవీపీ ఫిల్మ్ సిటీలో క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. ఎత్తు మీద బరువు ఉన్న చోట కింద మనిషి ఉండకూడదు. మేడ మీద స్కిమ్మర్లు (వెలుతురుకి అడ్డం పెట్టే గుడ్డ ఫ్రేములు), బీచ్‌లో జిబ్బు (కెమెరా క్రేను), గాలి మొదలయ్యాక అరగంట కూడా ఉంచొద్దు, దింపేయండి.

తుపాను వస్తే డేటు ఏమవుతుందో అగ్రిమెంటులో రాయించండి. 'వాతావరణం బాగోకపోతే చూద్దాం' అన్న మాట గొడవకి దారి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఉత్తరాంధ్రకి హెచ్చరిక ఇస్తే అద్దె పోకుండా డేటు మారుతుంది అని స్పష్టంగా ఉండాలి. అలా రాసి ఉంటే డబ్బు పోతుందన్న టెన్షన్‌తో వానలో షూటింగ్ పెట్టుకోరు. చాలా ప్రమాదాలు ఆ టెన్షన్‌లోంచే వచ్చాయి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

మీకు అద్దెకిచ్చేవాడు ఓనరో, అద్దెకున్నవాడో తేల్చుకోండి. అద్దెకున్నవాడైతే ఓనరు సంతకం కూడా కావాలి.

మీటరు రీడింగ్ ఫొటో వచ్చినప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు ఒకటి.

జెనరేటర్‌కి దాని సొంత ఎర్త్ రాడ్ వేయించండి. ఎండిన ఇసుకలో రాడ్ దిగేస్తే అది ఎర్త్ కాదు. చెమ్మ తగిలే లోతుకి దించాలి, చుట్టూ నీళ్లు పోయాలి.

కరెంటు పోయినప్పుడు జెనరేటర్ వైరు తెచ్చి ఇంటి ప్లగ్‌లో గుచ్చొద్దు. చేంజోవర్ స్విచ్ (బయటి లైన్ని తెంచి జెనరేటర్‌కి మార్చేది) లేకుండా అలా చేస్తే కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది. తుపాను తర్వాత స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్ చనిపోతాడు.

జెనరేటర్ గోడౌన్ లోపల పెట్టొద్దు, షట్టరు పక్కన కూడా వద్దు. వాన పడినా సరే.

రెండో దారి లేని గోడౌన్ తీసుకోవద్దు. థర్మాకోలు, పరదాలు, ప్లైవుడ్ అంటుకుంటే షట్టరు దాకా వచ్చే టైము ఉండదు.

కరెంటు మంట మీద నీళ్లు వద్దు. మంటలార్పే సిలిండర్లు, పౌడరువి గానీ సీఓటూవి గానీ, రెండు ఉండాలి, పౌడరుదైతే గేజు ముల్లు పచ్చ మీద ఉండాలి.

కేబుల్ జాయింట్లు నేల మీద పడేయొద్దు. స్టూలు మీద పెట్టండి. టేపు చుట్టిన జాయింటు వాన రోజున వాడనే వద్దు.

చెప్పులు లేకుండా ఎవరూ లైటు ముట్టుకోకూడదు. తడి చేత్తో స్విచ్ వద్దు.

రెయిన్ ఎఫెక్ట్ ఉంటే లైట్లన్నీ ఆర్‌సీసీబీ ఉన్న జెనరేటర్ మీదే. ఆ రోజు ఇంటి కరెంటు ముట్టుకోవద్దు.

నేవీ ఏరియాలున్న ఊరు ఇది. డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడకుండా డ్రోన్ ఎగరేయొద్దు. యారాడ వైపు అయితే అసలు బయటికే తీయొద్దు.

మెయిన్ స్విచ్ దగ్గర ఒక మనిషి. ఫోను చూసుకునేవాడు కాదు. ప్యాకప్ దాకా అదే పని, వేరే పని చెప్పొద్దు.

ఎవరికైనా షాక్ కొడితే పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కుతూ ఉండండి, 108కి ఇంకొకరు ఫోన్ చేయాలి. లేచి కూర్చున్నా, 'బాగానే ఉన్నానన్నా' అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. గుండె లయ గంటల తర్వాత కూడా తప్పవచ్చు.

బయట లైను తెగి పడితే 1912కి ఫోన్ చేయండి, దాని దగ్గరికి వెళ్లి వీడియోలు తీయొద్దు.

రాత్రి వాన పడిందా, పొద్దున ఎర్త్ మళ్లీ చూడండి. నిన్న చూశాం కదా అనొద్దు. సాయంత్రం ఇంకో పాయింటు వాడాల్సి వచ్చిందా, ఆ పాయింటు కూడా చూడండి. హీరోయిన్ వచ్చేసింది, క్లయింటు కూర్చున్నాడు, వెలుతురు పోతోంది అని ఎవరు తొందరపెట్టినా ఎర్త్ చూడకుండా ప్లగ్ పెట్టకండి. లైట్‌మన్ వద్దంటే ఆగండి. డైరెక్టరు అరిచినా ఆగండి. ఎర్త్ లేదని తేలితే జెనరేటర్ వచ్చేదాకా కూర్చోండి, ఆ రోజుకి రాకపోతే ప్యాకప్ చెప్పి అందరికీ బేటా (రోజు బత్తా) ఇచ్చి పంపేయండి.