వానాకాలం సఫారీకి ముందు: పెద్దవయసు ఆడవాళ్లు బూట్ల విషయంలో చూసుకోవలసినవి

బెంగళూరు నుంచి జూన్, సెప్టెంబరు మధ్య కబిని, బండీపుర అడవుల వైపు బయలుదేరే అరవై దాటిన అక్కయ్యలకు, పిన్నులకు.

అడుగు అరిగిన జత వద్దే వద్దు. జీపు మెట్టు ఎత్తు, తడిసిన ఇనుము జారుతుంది. తుంటి ఎముక విరిగితే కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. లోతైన గాళ్లున్న రబ్బరు అడుగు, మడమకు పట్టు చూడండి.

కొత్తవైతే రెండు వారాల ముందే కొని లాల్‌బాగ్‌లో నడిచి చూడండి. సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి.

మోకాలిదాకా వచ్చే గమ్ బూట్లు జీపులో కూర్చునేవారికి బరువే. నావి ఇప్పుడు పెరటి పనికి.

మధుమేహం ఉందా? తొడిగే ముందు బోర్లించి దులపండి. స్పర్శ తగ్గిన పాదానికి లోపలి రాయి తెలియదు.

తడిస్తే పాత పేపరు కుక్కి ఆరబెట్టండి.