పెట్టెలు ఒక దారి, మీరు ఒక దారి: బెంగళూరు నుంచి జపాన్‌కు జంటగా మొదటి ప్రయాణం

జపాన్‌కు మొదటిసారి వెళ్ళేవాళ్ళు చూడాల్సిన చోట్ల జాబితాతో కూర్చుంటారు. దానికంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. పెద్ద సూట్‌కేసులు ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటాయి? ఆ రాత్రి భోజనం ఎన్ని గంటలకు, ఎక్కడ? టోక్యోలో అర్ధరాత్రి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. చిన్న ఊళ్ళలో సాయంత్రం ఐదింటికే దుకాణాల తలుపులు పడతాయి, సత్రంలో ఆరింటికి వడ్డన మొదలవుతుంది. ఏడింటికి చేరితే ఆ పూట తిండి ఉండకపోవచ్చు.

బెంగళూరు నుంచి టోక్యో విమానాశ్రయం నరితాకు జపాన్ ఎయిర్‌లైన్స్ నేరు విమానం ఉంది. ఎనిమిది, తొమ్మిది గంటల ప్రయాణం. దిగేదీ ఎక్కేదీ నరితాలోనే కాబట్టి దారి గుండ్రంగా వేసుకోవాలి. 11 రాత్రులకు ఇలా వేస్తే బాగుంటుంది: టోక్యో 3, కనజావా 1, తకయామా 2, క్యోటో 3, కొండ మీది ఆశ్రమాల ఊరు కోయసాన్ 1, మళ్ళీ టోక్యో 1. ఇందులో ఒసాకా లేదు. ఉండాల్సిందేనంటే క్యోటోలో ఒక రోజు తగ్గించండి, కొండ మీది రాత్రిని మాత్రం ముట్టుకోకండి.

ఈ దారికి 7 రోజులు రైళ్ళలో తిరగనిచ్చే జేఆర్ పాస్ కొనడం దండగ. 2023 అక్టోబరులో దాని ధర 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో–క్యోటో బుల్లెట్ రైలు టికెట్ ఒక వైపుకు 14,000 యెన్ల దగ్గర ఉంటుంది. ఏ ముక్కకు ఆ టికెట్ కొనుక్కోవడమే మేలు.

ఇక పెట్టెల సంగతి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సూట్‌కేసుతో టోక్యో–క్యోటో బుల్లెట్ రైలు ఎక్కాలంటే బోగీ చివరి వరుస వెనక జాగా ఉన్న సీటు ముందే బుక్ చేయాలి. దానికి అదనపు రుసుము లేదు. బుక్ చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టిస్తారు. అంతకన్నా పెద్ద బాధ మారుమూల స్టేషన్లలో మెట్లు ఎక్కించడం. అందుకే అక్కడివాళ్ళే తక్యుబిన్ వాడతారు. హోటల్ కౌంటర్‌లోనో కన్వీనియన్స్ స్టోర్‌లోనో పెట్టె అప్పగిస్తే ఇంకో ఊరి హోటల్‌కు చేరుస్తారు. పెట్టెకు 2,000–3,000 యెన్లు అవుతుంది. నల్లపిల్లి గుర్తున్న యమాతో కంపెనీ బండి ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది.

పై దారిలో దీన్ని రెండుసార్లు వాడాలి. నాలుగో రోజు పొద్దున టోక్యో నుంచి పెట్టెలను నేరుగా క్యోటో హోటల్‌కు పంపేయండి. చేరాల్సిన తేదీగా ఏడో రోజు రాయించండి. మామూలుగా అయితే మర్నాడే చేరతాయి, కానీ మీకంటే రెండు రోజులు ముందు వచ్చిన పెట్టెను కొన్ని హోటళ్ళు తీసుకోవు. ఫారం మీద బుకింగ్‌లో ఉన్న పేరునే రాయాలి, పక్కన చెక్-ఇన్ తేదీ, ఆ హోటల్ ఫోన్ నంబరు ఉండాలి. భార్య పేరున గది, భర్త పేరున పెట్టె ఉంటే కౌంటర్‌లో తికమక తప్పదు. రెండోసారి పదో రోజు, క్యోటో నుంచి చివరి టోక్యో హోటల్‌కు. మధ్యలో ఇద్దరికీ చెరొక వీపు సంచి, రెండు జతల బట్టలు చాలు. పాస్‌పోర్టులు, మందులు, నగదు, పవర్ బ్యాంకు ఎప్పుడూ ఆ సంచిలోనే ఉండాలి.

టోక్యో నుంచి కనజావాకు కగయాకి రైలులో రెండున్నర గంటలు. ఇందులో అన్నీ రిజర్వు సీట్లే. కెన్‌రొకుఎన్ తోటకు ఆ మధ్యాహ్నం సరిపోతుంది. మర్నాడు బస్సులో గంటంబావుకు షిరకవాగో చేరతారు. గడ్డి కప్పు నిటారుగా వాలిన గాష్షో ఇళ్ళ ఊరు ఇది, 1995లో యునెస్కో జాబితాలో చేరింది. మూడు గంటలు తిరిగి, అక్కడి నుంచి 50 నిమిషాల్లో తకయామాకు వెళ్ళవచ్చు. కనజావా బస్సుకు సీటు ముందే బుక్ చేయాలి. మెజెస్టిక్‌లో బస్సు పక్కన నిలబడి కండక్టర్‌ను బతిమాలినట్టు ఇక్కడ కుదరదు. సీట్లు నిండాయంటే నిండినట్టే.

తకయామాలో ఏప్రిల్ 14–15న, అక్టోబరు 9–10న ఊరి ఉత్సవాలు. ఆ తేదీల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. మిగతా రోజుల్లో పొద్దున మియగావా నది ఒడ్డు సంత చూసి, పాత వీధుల్లో నడవండి. అక్కడి మితరషి దాంగో, అంటే పుల్లకు గుచ్చి కాల్చిన బియ్యప్పిండి ఉండలు, తీపి పాకంతో కాకుండా వట్టి సోయాసాస్‌తో ఇస్తారు. అక్కడి నుంచి హిదా రైలులో నగోయాకు రెండున్నర గంటలు, రైలు మారితే క్యోటో ఇంకో 35 నిమిషాలు.

గదులు బుక్ చేసేటప్పుడు దంపతులు పడే మొదటి గుంట ‘సెమీ డబుల్’. ఇద్దరికని అమ్ముతారు గానీ మంచం వెడల్పు 120 సెంటీమీటర్లే, గదిలో సూట్‌కేసు తెరిచి పెట్టే చోటు ఉండదు. రెండు వేరు మంచాలుండే ట్విన్ గది తీసుకోండి. సంప్రదాయ సత్రం, అంటే ర్యోకాన్, ధర చాలాచోట్ల గదికి కాదు, మనిషికి. వెతికేటప్పుడే ఇద్దరు పెద్దలు అని పెట్టకపోతే సగం ధర చూసి మోసపోతారు. తాతామి చాప మీద చెప్పులే కాదు, సత్రంవాళ్ళిచ్చిన స్లిప్పర్లు కూడా వేయకూడదు. మరుగుదొడ్డికి వేరే జత ఉంటుంది, దాన్ని బయటికి తేకండి. సత్రంలో ఇచ్చే పల్చటి అంగీని, అంటే యుకాతాను, కట్టుకునేటప్పుడు ఎడమ అంచు కుడి మీదికి రావాలి. తిరగేసి కట్టేది శవానికి.

వేడినీటి స్నానశాలల్లో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఆడా మగా విడివిడిగా వెళతారు. సబ్బుతో కడుక్కున్న తర్వాతే తొట్టిలో దిగాలి. తలుపు తెర రంగును నమ్ముకోకండి, అక్షరం చూడండి: పైన నాలుగు గళ్ళ కిటికీ లాంటిది ఉంటే మగవాళ్ళది, మూడు గీతలు కత్తెరలా పెనవేసుకుంటే ఆడవాళ్ళది. కొన్ని సత్రాల్లో రాత్రికీ పొద్దుటికీ రెండూ తారుమారవుతాయి. ఇద్దరూ కలిసి స్నానం చేయాలంటే ‘కషికిరి’ అని అడగండి, ముప్పావుగంట చొప్పున తొట్టి అద్దెకిస్తారు.

శాకాహారులకు అసలు పరీక్ష మాంసంతో కాదు, దాషితో. ఎండబెట్టిన కత్సువో చేపతో కాచిన ఈ చారు మిసో సూప్, నూడుల్స్, ఉడికించిన కూర, చివరికి గుడ్డట్టులో కూడా పడుతుంది. ‘వెజిటేరియన్’ అంటే తల ఊపి, చేపచారులో ఉడికిన ముల్లంగి తెచ్చిపెడతారు. అందులో వాళ్ళ దురుద్దేశం ఏమీ లేదు, వాళ్ళ లెక్కలో అది కూరగాయే. ‘నికు తో సకనా వా తబెరరెమాసెన్, కత్సువో-దాషి మో దమే దెస్’ (మాంసం, చేప తినలేం, కత్సువో చారు కూడా వద్దు) అనే మాటను జపాన్ లిపిలో ఫోనులో పెట్టుకుని చూపించండి. సత్రానికైతే బుకింగ్ రోజునే రాయాలి. వడ్డన వేళకు చెబితే వంటవాడు చేయగలిగింది ఉండదు. టోక్యో స్టేషన్ లోపలే టీజ్ తాన్‌తాన్ అని పూర్తి శాకాహార రామెన్ (నూడుల్స్ సూప్) దుకాణం ఉంది.

అన్నం కావాలంటే కన్వీనియన్స్ స్టోర్‌లో 200 గ్రాముల వండిన అన్నం ప్యాకెట్లు అమ్ముతారు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చాలు. ఇంటి నుంచి కందిపొడి ఉంటే పూట గడిచినట్టే. బియ్యం, పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి తీసుకెళ్ళవద్దు, విమానాశ్రయం తనిఖీలో ఆపేస్తారు. చికెన్ పచ్చడికైతే అసలు అనుమతి లేదు. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ కూడా ఇంట్లోనే వదిలేయండి. అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల 1,000 వాట్ల కెటిల్ అక్కడ 190 వాట్ల వేడే ఇస్తుంది, నీళ్ళు మరిగేసరికి నిద్ర వస్తుంది. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లకు రెండు చదును పిన్నుల అడాప్టర్ చాలు.

కోయసాన్ శాకాహారులకు పండగ. బౌద్ధ సన్యాసి కూకాయ్ 816లో నెలకొల్పిన ఈ కొండ మీది ఆశ్రమాల్లో షోజిన్ ర్యోరి, అంటే సన్యాసుల వంట, పెడతారు. చేపా మాంసమే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, అచ్చం మన వ్రతం వంటే. నువ్వులతో చేసిన గోమా దోఫు తప్పక తినండి. ఒసాకా నంబా నుంచి నంకై రైలులో గొకురకుబషి, కేబుల్ కారులో ఐదు నిమిషాలు, ఆపైన బస్సు. కేబుల్ కారు దిగాక ఊళ్ళోకి వెళ్ళే బస్సు రోడ్డు మీద నడవనివ్వరు. క్యోటో నుంచి మొత్తం మూడు గంటలనుకుని, నాలుగింటికల్లా చేరేలా బయల్దేరండి.

వీసాకు బెంగళూరులోని వీఎఫ్‌ఎస్ కేంద్రంలో దరఖాస్తు చేయాలి. రోజువారీ ప్రయాణ పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ-వీసా వస్తే దాన్ని విమానాశ్రయంలో ఇంటర్నెట్ ఉన్న ఫోనులో తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాటు, ప్రింటు చెల్లవు. విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ కూడా ఇంటి దగ్గరే తీసుకోండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్, దగ్గు మందులో కోడీన్ ఉన్నాయేమో చూసుకోండి. వీటి మీద అక్కడ కఠిన నిబంధనలున్నాయి.

డబ్బుకు సెవెన్-ఇలెవెన్ ఏటీఎంలు మన కార్డులను తీసుకుంటాయి. కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసే పని మాత్రం బెంగళూరులోనే అయిపోవాలి. రైళ్ళకు, బస్సులకు వెల్‌కమ్ సుయికా కార్డు 28 రోజులు పనిచేస్తుంది, నగదుతో నింపుకోవచ్చు. కానీ ఒక కార్డు ప్రాంతంలో గేటు దాటి ఇంకో ప్రాంతంలో బయటికి రాలేరు, దూర ప్రయాణానికి టికెట్టే కొనాలి. ఒక్క డ్రైవరే ఉండే పల్లె బస్సుల్లో, రైళ్ళలో మామూలుగా వెనక తలుపు దగ్గర అంకె ఉన్న చీటీ చింపుకుని, దిగేటప్పుడు ముందున్న తెర మీద ఆ అంకెకు ఎంతుందో చూసి డబ్బాలో సరిగ్గా అంతే వేయాలి. 1,000 యెన్ల నోట్లు దగ్గరుంచుకోండి, చిల్లర అక్కడే మార్చుకోవచ్చు.

వెల్‌కమ్ సుయికాలో మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వరు. నరితాలోని కన్వీనియన్స్ స్టోర్‌లో కార్డు ఖాళీ అయ్యేదాకా కొని, తక్కువ పడింది నగదుగా ఇచ్చేయండి.