పిల్లలకు నచ్చని గ్రామర్ పుస్తకాన్ని మార్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు ఏడాదికోసారైనా ఈ సంకటం వస్తుంది. లెక్కలు సాగుతుంటాయి, సైన్స్ సాగుతుంటుంది, కథల పుస్తకాల సంగతి అడగనే అక్కర్లేదు. గ్రామర్ పుస్తకం తీయగానే మాత్రం ముఖాలు ముడుచుకుపోతాయి. ఒకరికి కడుపునొప్పి వస్తుంది, ఇంకొకరికి పెన్సిల్ కనబడదు. కొత్త ఏడాదికి పుస్తకాలు తెప్పించుకునే రోజులు దగ్గరపడేసరికి దీన్ని పక్కన పడేసి వేరే కరికులమ్ (స్థాయిల వారీగా పాఠాలు అమర్చిన పుస్తకాల వరుస) తీసుకుందామా అన్న ఆలోచన మొదలవుతుంది.

మార్చడంలో తప్పు లేదు. కొన్ని ఇళ్లలో మార్చి తీరాలి కూడా. అయితే తొందరపడి మారిస్తే జరిగే నష్టం ఆ ఏడాది కనిపించదు. గ్రామర్ కరికులమ్‌లు చాలావరకు, ఏ స్థాయివైనా సరే, పునశ్చరణ పేరుతో నామవాచకం, సర్వనామం, క్రియ దగ్గరే మొదలవుతాయి. ఏటా పుస్తకం మారే ఇంట్లో పిల్లలు ఏటా నామవాచకమే నేర్చుకుంటారు. వాక్యాల్ని కలపడం, ఉపవాక్యాలు, సంక్లిష్ట వాక్యాలు, విరామ చిహ్నాలు పుస్తకం చివరి సగంలో ఉంటాయి. అక్కడికి చేరేలోపే విసుగొచ్చి ఇంకో పుస్తకం వస్తుంది. పన్నెండేళ్ల పిల్లవాడికి నామవాచకానికి నిర్వచనం కంఠతా వచ్చి, నాలుగు వాక్యాల పేరా రాయడం రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. పైగా తెలిసిందే మళ్లీ మళ్లీ చేయించడం వల్ల అయిష్టం ఇంకా ముదురుతుంది. అందుకే మార్పు విషయంలో కాస్త నిదానం అవసరం అంటాను.

నచ్చనిది ఏమిటో తేల్చుకోండి

"గ్రామర్ నాకిష్టం లేదు" అని పిల్లలు అన్నప్పుడు ఆ మాట వెనక ఏమున్నా ఉండవచ్చు. "ఎందుకు నచ్చలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకో వాళ్లకూ తెలియదు. పుస్తకం చేతికిచ్చి "ఇందులో నీకు అన్నిటికంటే కష్టమనిపించిన పేజీ చూపించు, ఫర్వాలేదనిపించిన పేజీ కూడా చూపించు" అని అడగండి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే చాలా అర్థమవుతుంది.

చాలాసార్లు బయటపడేది రాత కష్టం. నోటితో అడిగితే కర్త ఏది, కర్మ ఏది, క్రియ ఏది అని టకటకా చెప్పే పిల్ల, అదే అభ్యాసంలో ఇరవై వాక్యాలు ఎత్తిరాయమంటే ఏడుస్తుంది. అక్కడ కష్టం గ్రామర్‌ది కాదు, చేతిది. పది రోజులు ఆ పుస్తకాన్నే నోటితో చేయించి చూడండి. ఏడుపు ఆగిపోతే పుస్తకం మార్చే పని లేదు. ఎత్తిరాయడం, చదవడం, అక్షరక్రమం అన్నింటిలోనూ వయసుకు మించిన తడబాటు ఉంటే మాత్రం డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) లాంటివి ఉన్నాయేమో నిపుణుల చేత పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష వాయిదా వేసి పుస్తకాల మీద పుస్తకాలు మారుస్తూ పోతే పిల్లల విలువైన ఏళ్లు పోతాయి.

కొందరిది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. అన్నీ సరిగ్గానే రాస్తారు, కానీ విసుగు. వచ్చిన దాన్నే ముప్పై ప్రశ్నల్లో చేయమంటే పెద్దవాళ్లకైనా విసుగే. సరి సంఖ్య ప్రశ్నలు మాత్రమే చేయమనండి, లేదా పాఠం చివరి పరీక్ష ముందే పెట్టి, అది వస్తే పాఠం దాటించండి. పుస్తకంలో ఉన్నవన్నీ పూర్తి చేయించాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. ఇంట్లో చదువు చెప్పుకోవడంలో మనకున్న పెద్ద వెసులుబాటే అది, దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

మరికొన్ని ఇళ్లలో వేళ బాగుండదు. లెక్కలు అయ్యాక, ఆకలి వేళకు ముందు, అలసిపోయి ఉన్నప్పుడు గ్రామర్ వస్తుంది. ఇంకొన్నిచోట్ల స్థాయి సరిపోదు. అలాంటప్పుడు అదే కరికులమ్‌లో ఒక మెట్టు కిందికో పైకో జరిగితే చాలు. ఒక్కోసారి పిల్లలకు ఇష్టం లేనిది ఆ గంటలో మన గొంతు మారడం. ఇది ఒప్పుకోవడం కష్టమే, కానీ కొత్త పుస్తకం వచ్చినా పాత గొంతే ఉంటే మార్పేమీ రాదు.

ఏ ప్రయోగమైనా ఒక్కసారికి ఒక్కటే చేయండి. వేళ, రాత, స్థాయి అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలుసుకోలేరు.

గ్రామర్ నుంచి అసలు ఏం ఆశించాలి

1963లో అమెరికాలో రిచర్డ్ బ్రాడక్, రిచర్డ్ లాయిడ్-జోన్స్, లోవెల్ షోయర్ అనే ముగ్గురు అప్పటిదాకా రాతబోధన మీద జరిగిన పరిశోధనలను సమీక్షించారు. రాత మెరుగుపడటానికి విడిగా చెప్పే గ్రామర్ పాఠాలు చేసే సాయం నామమాత్రమేనని, నిజంగా రాయడానికి దక్కాల్సిన సమయాన్ని అవి తినేస్తాయి కాబట్టి ఒక్కోసారి నష్టమేనని వాళ్లు తేల్చారు. 2007లో స్టీవ్ గ్రాహం, డోలరెస్ పెరిన్ అనే పరిశోధకులు నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు కూడా విడి గ్రామర్ బోధన వల్ల రాతకు మేలు కనబడలేదు. చిన్న వాక్యాల్ని కలిపి పెద్ద వాక్యం చేసే అభ్యాసం మాత్రం మంచి ఫలితం ఇచ్చింది.

గ్రామర్ అక్కర్లేదని దీని అర్థం కాదు. ఇంకో భాష నేర్చుకునేటప్పుడు, రాసింది దిద్దుకునేటప్పుడు, పరీక్షలు రాసేటప్పుడు ఆ పేర్లు తెలిసి ఉండాలి. భాష ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడంలో ఒక ఆనందం కూడా ఉంది. నేను చెప్పేదల్లా ఏమిటంటే, గ్రామర్ పుస్తకం రోజూ గంట తినేసి, కథ చదవడానికీ సొంతంగా నాలుగు మాటలు రాయడానికీ పిల్లలకు ఓపిక మిగల్చకపోతే, ఆ పుస్తకం ఎంత మంచి పేరున్నదైనా మీ ఇంటికి పనికిరాదు.

వాక్యాలు కలిపే అభ్యాసానికి పుస్తకమే అక్కర్లేదు. "రవి పుస్తకం చదివాడు. రవి నిద్రపోయాడు." ఈ రెండూ కలపమనండి. "రవి పుస్తకం చదివి నిద్రపోయాడు" అంటారు. ఇప్పుడు "రవి పుస్తకం చదివాడు. చెల్లి నిద్రపోయింది." ఇవి కలపమనండి. "రవి పుస్తకం చదివి చెల్లి నిద్రపోయింది" అనబోయి వాళ్లే ఆగిపోతారు, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "చదివాక" అనో "చదువుతుంటే" అనో దారి వెతుక్కుంటారు. కర్త ఒక్కరే అయినప్పుడు మామూలుగా "చదివి" సరిపోతుందని వాళ్లే కనిపెట్టిన తర్వాత క్త్వార్థకం అనే పేరు చెబితే అది నిలుస్తుంది. పేరు ముందు చెప్పి నిర్వచనం వల్లె వేయిస్తే ఆ పేరంటేనే భయం పుడుతుంది. సంధులూ అంతే. "వాడెక్కడ?" అని రోజుకు పదిసార్లు అనే పిల్లలకు "వాడు, ఎక్కడ" అని విడదీసి చూపించాక ఉత్వ సంధి సూత్రం దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది.

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకమైతే మరో విషయం చూడాలి. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లల కోసం రాసిన పుస్తకాలు వాళ్లు చేసే తప్పుల మీద దృష్టి పెడతాయి. మన పిల్లల తడబాట్లు వేరు. తెలుగులో 'ఎ', 'ఎన్', 'ది' లాంటివి లేవు కాబట్టి అవి ఎక్కడ పెట్టాలో తెలియదు. "వెళ్తాను" అన్న ఒక్క మాటే రోజూ వెళ్లడానికీ, రేపు వెళ్లబోవడానికీ సరిపోతుంది కాబట్టి ఇంగ్లీషు కాలాల దగ్గర తికమకపడతారు. మన క్రియ వాక్యం చివర ఉంటుంది, వాళ్లది మధ్యలో వస్తుంది. ఈ చోట్ల పుస్తకం ఒక్క పేజీ ఇచ్చి దాటేసి, పిల్లలకు ఎప్పుడో వచ్చేసిన వాటి మీద పది పేజీలు ఇస్తుంటే, ఆ అయిష్టంలో న్యాయం ఉంది. ఇలాంటప్పుడు పుస్తకం మార్చడమే మంచిది.

మార్చాలని తేలితే

ముందు పిల్లలు సొంతంగా రాసినవి, అంటే ఉత్తరాలు, కథలు, రోజువారీ రాతలు కొన్ని దగ్గర పెట్టుకోండి. ఏ తప్పులు మళ్లీ మళ్లీ వస్తున్నాయో ఒక కాగితం మీద రాయండి. పాత పుస్తకం విషయసూచిక తీసి, నిజంగా వచ్చినవేవో, పేజీలు మాత్రమే పూర్తయినవేవో విడివిడిగా గుర్తు పెట్టండి. కొత్తది ఎంచుకునేటప్పుడు పుస్తకాల ప్రకటనల కంటే ఈ రెండు కాగితాలే మీకు ఎక్కువ దారి చూపిస్తాయి.

కరికులమ్ నడిచే తీరు రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని ప్రతి పాఠంలో అన్ని అంశాలనూ కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతాయి. కొన్ని ఒక్కో అంశాన్ని పూర్తిగా ముగించి గానీ తర్వాతి దానికి వెళ్లవు. మొదటి రకం సగంలో వదిలేసిన పిల్లలకు అన్నీ తెలిసినట్టే ఉంటుంది, ఏదీ పూర్తిగా రాదు. రెండో రకం సగంలో వదిలేస్తే మొదటి సగం గట్టిగా ఉండి, మిగతాది అసలు చూసి ఉండరు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతుంటే ఈ ఖాళీలు ఎక్కడ పడతాయో ముందే లెక్క వేసుకోవాలి. స్థాయి అంకెల్ని నమ్మకండి. ఒక ప్రచురణకర్త నాలుగో స్థాయి ఇంకొకరికి రెండో స్థాయి కావచ్చు. ఏ స్థాయిలో మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటే తప్పకుండా పెట్టండి.

పారిభాషిక పదాలు కూడా చూసుకోండి. 'మై', 'హిజ్' లాంటి మాటల్ని ఒక పుస్తకం విశేషణాలంటుంది, ఇంకొకటి సర్వనామాల్లో చేరుస్తుంది, మరొకటి డిటర్మినర్లు అంటుంది. తెలుగు, ఇంగ్లీషు వ్యాకరణాలు రెండూ చెబుతున్న ఇళ్లలో తెలుగు ప్రథమ పురుష ఇంగ్లీషులో థర్డ్ పర్సన్ అవుతుంది, ఉత్తమ పురుష ఫస్ట్ పర్సన్ అవుతుంది. మొదటి రోజే ఒక చిన్న పట్టిక గోడకు అతికిస్తే, తమకేదో రాదన్న దిగులు పిల్లలకు ఉండదు.

నమూనా పాఠాలు దొరికితే మూడు పాఠాలు పిల్లల చేత చేయించండి, చూపించి "బాగుందా?" అని అడిగితే చాలదు. రంగుల బొమ్మలకు అందరూ బాగుందనే అంటారు. టీచర్ గైడ్ మీరు చదవండి. పాఠానికి ముందు మీరెంతసేపు సిద్ధం కావాలో, ఆ సమయం నిజంగా మీకుందో ఆలోచించండి. పిల్లలకు నచ్చి మీ వల్ల కాని కరికులమ్ కూడా సగంలోనే ఆగుతుంది. ఆన్సర్ కీలో కొన్ని జవాబులు సరిచూడండి, తప్పులుంటే దాన్ని అక్కడే వదిలేయండి. ఖాళీలు పూరించడం గిట్టని పిల్లలు కొందరు వాక్యాన్ని గీతల బొమ్మగా గీసే పద్ధతిని ఇష్టపడతారు. 1877లో రీడ్, కెలాగ్ అనే అమెరికన్ వ్యాకరణ రచయితలు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ కొన్ని ఇంగ్లీషు కరికులమ్‌లలో ఉంది. బొమ్మలు గీసే పిల్లలుంటే ప్రయత్నించదగ్గది.

డబ్బు విషయంలో రెండు మాటలు. పాతదానికి పెట్టింది ఎలాగూ తిరిగి రాదు, అందుకోసం నచ్చనిదాన్ని ఏళ్ల తరబడి లాగకండి. కొత్తది ఒక్క స్థాయే కొనండి, తగ్గింపు ఉందని మొత్తం సెట్టు తెచ్చుకోకండి.

ఇద్దరు పిల్లలుంటే ఒకరికి గిట్టలేదని ఇద్దరికీ మార్చకండి. పాత పుస్తకంతో హాయిగా ఉన్న పిల్లని దాంతోనే ఉండనివ్వండి. మనకు రెండు పుస్తకాలు నడపడం శ్రమే, కానీ నడుస్తున్న చదువును చెడగొట్టడం కంటే ఆ శ్రమే నయం.

యూనిట్ పూర్తయిన చోట మార్చండి. ఇల్లు మారుతున్నప్పుడు, ఇంట్లో అనారోగ్యం ఉన్నప్పుడు, పరీక్షలు దగ్గరున్నప్పుడు వద్దు. పరీక్ష రాయాల్సిన పిల్లలైతే ఆ సిలబస్‌తో కొత్త పుస్తకాన్ని ముందే పోల్చి చూసుకోండి. పాతదానికీ కొత్తదానికీ మధ్య కొన్ని వారాలు గ్రామర్ లేకుండా గడిపినా నష్టం లేదు. ఆ రోజుల్లో మంచి వచనం చదివి వినిపించి, రోజుకు రెండు మూడు వాక్యాలు డిక్టేషన్ చెప్పండి. పాత పుస్తకాన్ని పిల్లల ముందు తిట్టకండి. ఏడ్చారు కాబట్టి పుస్తకం మారిందని వాళ్లు అనుకోకూడదు. "ఇందులో నువ్వు ఇవి నేర్చుకున్నావు, మిగతావి నీకు ఇంకో పద్ధతిలో బాగా వస్తాయనిపించింది" అని నిజమే చెప్పండి.

కొత్త పుస్తకంలో మొదటి పాఠాలన్నీ తెలిసినవే అయితే నోటితో పరీక్షించి దాటించేయండి. పాత విషయసూచిక మీద మీరు పెట్టుకున్న గుర్తులు ఇక్కడే పనికొస్తాయి. మొదటి నెల సంతోషాన్ని చూసి తీర్పు ఇవ్వకండి, కొత్తదేదైనా మొదట బాగానే ఉంటుంది. మూడు నెలలయ్యాక పిల్లలు సొంతంగా రాసినవి మళ్లీ తీసి, మొదట రాసుకున్న తప్పుల కాగితంతో పోల్చండి. కొన్ని తప్పులు తగ్గి ఉంటే, పాఠం వేళ కాస్త సణుగుడు ఉన్నా ఆ పుస్తకాన్నే కొనసాగించండి. తప్పులు తగ్గక, ఏడుపూ ఆగకపోతే వెంటనే మూడో పుస్తకం కోసం వెతకకండి. ఆ ఏడాదికి గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి, చదవడం, డిక్టేషన్, వాక్యాలు కలపడం, వాళ్లు రాసిన దాన్ని వాళ్లతో కూర్చుని దిద్దడం, ఈ నాలుగూ చేయండి. మళ్లీ మొదలుపెట్టేనాటికి పిల్లలు ఒక ఏడాది పెద్దవాళ్లవుతారు. నిరుడు కొరకరాని పేజీలు కొన్ని అప్పటికి తేలిగ్గా అర్థమవుతాయి.