విండోస్ మార్చే ముందు తెరిచి ఉన్న ట్యాబ్‌ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, పాత కంప్యూటర్‌ను విండోస్ 11కి మార్చుకోవలసినవారు, దుకాణంలో ఇచ్చి ఫార్మాట్ చేయించుకోవలసినవారు చాలామందే ఉన్నారు. అటువంటప్పుడు ఫొటోలు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం అందరికీ గుర్తుంటుంది. బ్రౌజర్‌లో నెలల తరబడి మూయకుండా ఉంచుకున్న ట్యాబ్‌లు మాత్రం, యంత్రం తిరిగి ఇంటికి వచ్చి ఖాళీ పేజీ కనిపించేదాకా గుర్తుకు రావు. చదువుకో పరిశోధనకో ఏరి కూర్చుకున్న పేజీలు ఆ ట్యాబ్‌లలో ఉన్నవారికి అది చిన్న నష్టం కాదు.

ట్యాబ్‌లను బ్రౌజర్ ఎక్కడ దాచుతుందో తెలుసుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి. ఫైర్‌ఫాక్స్ నడుస్తున్నంతసేపూ, మామూలు అమరికలో 15 సెకన్లకు ఒకసారి, తెరిచి ఉన్న విండోల, ట్యాబ్‌ల జాబితాను ప్రొఫైల్ ఫోల్డర్ (మన అమరికలు, బుక్‌మార్క్‌లు వంటివి బ్రౌజర్ దాచే చోటు) లోపల ఉండే ‘సెషన్‌స్టోర్-బ్యాకప్స్’ అనే ఫోల్డర్‌లో ‘రికవరీ’ అనే ఫైలుగా రాస్తూ ఉంటుంది. బ్రౌజర్‌ను సక్రమంగా మూసినప్పుడు ఆ జాబితా ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ‘సెషన్‌స్టోర్’ అనే ఫైలుగా నిలుస్తుంది. మళ్లీ తెరిచినప్పుడు అదే ‘ప్రీవియస్’ అనే పేరుతో బ్యాకప్స్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ‘అప్‌గ్రేడ్’ అనే పేరుతో ఇంకొక ప్రతి కూడా తయారవుతుంది. క్రోమ్ తన ప్రొఫైల్‌లోని ‘సెషన్స్’ అనే ఫోల్డర్‌లో ఇటువంటి పనే చేస్తుంది గాని, దానిలో ప్రస్తుత జాబితా, దానికి ముందటి జాబితా తప్ప అంతకంటే పాతవి మిగలవు.

దీనినిబట్టి, గాలివానకు ఉన్నట్టుండి కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా పోయేది చివరి కొద్ది సెకన్ల పని మాత్రమేనని, అసలు ప్రమాదం ఆ తరువాత మనం కంగారులో చేసే పనిలోనే ఉందని తెలుస్తుంది. ట్యాబ్‌లు రాలేదని బ్రౌజర్‌ను మూసి తెరిచి, మళ్లీ మూసి తెరిచే ప్రతిసారీ ఖాళీ జాబితా ఒక మెట్టు ముందుకు జరిగి, మంచి జాబితాను తుడిచివేస్తుంది. నేను ఒకసారి అలాగే నాలుగైదు సార్లు తెరిచి మూసి, మొదటిసారికి చెక్కుచెదరకుండా ఉన్న జాబితాను నా చేతులతోనే పోగొట్టుకున్నాను. అందుకే నాకు తెలిసిన ప్రతివారికీ ముందు చెప్పే మాట ఇదే: ట్యాబ్‌లు రాకపోతే రెండోసారి మూయవద్దు.

ఇక యంత్రాన్ని మార్పుకు అప్పగించే ముందు చేయవలసినవి. తెరిచి ఉన్న ప్రతి విండోలోనూ కంట్రోల్, షిఫ్ట్, డి మీటలను కలిపి నొక్కితే ఆ విండోలోని ట్యాబ్‌లన్నీ ఒకే ఫోల్డర్‌లో బుక్‌మార్క్‌లుగా చేరతాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడింటిలోనూ ఇవే మీటలు పనిచేస్తాయి. ఆ ఫోల్డర్‌కు నాటి తేదీనే పేరుగా పెట్టుకుంటే తరువాత వెతుక్కోవడం తేలిక. అయితే బుక్‌మార్క్‌లు కూడా అదే ప్రొఫైల్‌లో, అంటే ఫార్మాట్‌లో తుడిచిపెట్టుకుపోయే సీ డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి, బుక్‌మార్క్‌ల నిర్వహణ పేజీలోని ఎగుమతి సదుపాయంతో వాటిని ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. ఆ ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. నా దృష్టిలో తక్కిన జాగ్రత్తలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటే ఒక ఎత్తు.

బుక్‌మార్క్ దాచేది చిరునామాను మాత్రమేనన్న సంగతి మరవకూడదు. సగం నింపిన ఉద్యోగ దరఖాస్తు, పంపకుండా వదిలేసిన ఉత్తరం, లాగిన్ అయిన తరువాత మాత్రమే కనిపించే పేజీ వంటివి ఆ చిరునామాతో తిరిగి రావు. వాటిని ముందే పూర్తిచేయాలి, లేదా అందులో రాసినదాన్ని వేరే ఫైలులోకి కాపీ చేసుకోవాలి. ప్రైవేటు విండోలో తెరిచినవాటిని బ్రౌజర్ ఎక్కడా రాసి పెట్టదు కనుక వాటి కోసం తరువాత వెతకడం వృథా.

మూసే పద్ధతిలోనూ ఒక మెలకువ ఉంది. రెండు మూడు విండోలు తెరిచి ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్నీ మూలనున్న గుర్తుతో మూస్తూ పోతే, చిట్టచివర మూసిన విండోనే గత సెషన్‌గా, అంటే కిందటిసారి తెరిచి ఉన్న ట్యాబ్‌ల జాబితాగా, లెక్కకు వస్తుంది. అరవై ట్యాబ్‌ల పెద్ద విండోను ముందు మూసి, ఒకే ట్యాబ్ ఉన్న చిన్న విండోను చివర మూసినవారికి మర్నాడు ఆ ఒక్క ట్యాబే కనిపిస్తుంది. మెనూలోని ఎగ్జిట్‌తో అన్నింటినీ ఒకేసారి మూస్తే ఈ చిక్కు రాదు. ఒకవేళ వచ్చినా, హిస్టరీ మెనూలో ఇటీవల మూసిన విండోల జాబితాను చూడాలి, లేదా కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కాలి. పెద్ద విండో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఫైర్‌ఫాక్స్ వాడేవారు ఇంకొక అడుగు వేయవచ్చు. సహాయం మెనూలోని ట్రబుల్‌షూటింగ్ సమాచారం పేజీలో ‘ప్రొఫైల్ ఫోల్డర్’ అన్న వరుస ఎదురుగా ఆ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటుంది. దాన్ని తెరిచి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసిన తరువాత, ‘సెషన్‌స్టోర్’ ఫైలును, బ్యాకప్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. కొత్త యంత్రంలో ఫైర్‌ఫాక్స్‌ను ఒకసారి తెరిచి మూసి, ఆ ‘సెషన్‌స్టోర్’ ఫైలును కొత్త ప్రొఫైల్‌లో అదే పేరున్న ఫైలు స్థానంలో పెడితే పాత విండోలు యథాతథంగా వస్తాయి. ఆ ఫైలు పాడైతే, బ్యాకప్స్‌లోని వేరొక ప్రతికి అదే పేరు పెట్టి ప్రయత్నించవచ్చు; పేరు మార్చేది కాపీకే గాని, అసలు ప్రతిని ముట్టుకోకూడదు.

ఈ ఫైలును ఇంటి తాళంచెవిలా చూసుకోవాలి. ట్యాబ్‌ల చిరునామాలతో పాటు, మనం లాగిన్ అయి ఉన్నట్టు వెబ్‌సైట్లకు తెలియజేసే కుకీలు కూడా అందులో ఉండవచ్చు. ఇక ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తంలోనైతే దాచుకున్న పాస్‌వర్డ్‌లు సైతం ఉంటాయి. కాబట్టి కాపీ చేసే పనిని దుకాణంవారికి వదలకుండా మనమే చేసుకోవాలి, బ్యాంకు ఖాతాల నుంచి, ఈమెయిల్ నుంచి ముందే లాగౌట్ కావాలి.

మార్పు జరిగాక ట్యాబ్‌లు రాకపోతే, బ్రౌజర్‌ను మూయకుండానే హిస్టరీ మెనూలో గత సెషన్‌ను తిరిగి తెరిచే ఆదేశాన్ని నొక్కి చూడాలి. అది వెలవెలబోయి నొక్కడానికి వీలు లేకుండా ఉంటే రెండు అమరికలను పరిశీలించాలి: మూసిన ప్రతిసారీ చరిత్రను తుడిచివేయమన్న అమరిక, చరిత్రను అసలు గుర్తుపెట్టుకోవద్దన్న అమరిక. వీటిలో ఏది ఉన్నా ట్యాబ్‌లు తిరిగి రావు. రెండూ లేకపోతే ప్రొఫైల్ మారిందేమో చూడాలి. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ వేర్వేరు చోట్ల ఇన్‌స్టాల్ అయిన ప్రతులకు వేర్వేరు ప్రొఫైళ్లు కేటాయిస్తోంది. కనుక కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ట్యాబ్‌లు, బుక్‌మార్క్‌లు అన్నీ ఒక్కసారిగా మాయమైతే, అవి పోయాయనుకోకుండా పాత ప్రొఫైల్ కోసం వెతకాలి. ట్యాబ్‌ల పేర్లు వరుసగా కనిపిస్తూ లోపల ఏమీ లేకపోతే కంగారు అక్కరలేదు. తిరిగి తెరిచిన ట్యాబ్‌లను ఫైర్‌ఫాక్స్ మనం నొక్కినప్పుడే నింపుతుంది, దానికి ఇంటర్నెట్ ఉండాలి.

డిస్కును ఫార్మాట్ చేయకుండా దాని మీదే విండోస్‌ను కొత్తగా ఎక్కించి ఉంటే, సీ డ్రైవ్‌లో ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్ మిగులుతుంది, పాత ప్రొఫైల్ అందులోని యూజర్స్ ఫోల్డర్‌లో దొరకవచ్చు. విండోస్ ఆ ఫోల్డర్‌ను మామూలుగా 10 రోజుల తరువాత తనంతట తానే తొలగిస్తుంది కాబట్టి వెతకడాన్ని వాయిదా వేయకూడదు. అన్నీ సరిగా వచ్చాయని ఒక్కొక్క విండో చూసి నిర్ధారించుకున్నాక, పెన్‌డ్రైవ్‌లో హెచ్‌టీఎంఎల్ ఫైలును మాత్రం ఉంచుకుని, సెషన్ ఫైళ్లను చెరిపివేయాలి.