లారీని పెద్ద కుటుంబానికి తగ్గ యాత్రల బండిగా మార్చడం ఎలా?

ముసలివాళ్ళు, పిల్లలతో కలిపి ఎనిమిది మంది ఉన్న ఇల్లు ఒకే బండిలో లద్దాఖ్ దాకా వెళ్ళి రావాలంటే వ్యాన్లు చాలవు, లారీయే కావాలి. ఇలాంటి బండ్లు కట్టించుకునే సరదా ఈ మధ్య బాగా పెరిగింది. కానీ చాలా బండ్లు రెండో వానాకాలానికల్లా తలుపు మూలల్లో చీలికలతో, కారుతున్న టాపుతో మళ్ళీ షెడ్డుకి వస్తున్నాయి. కారణం ఎప్పుడూ ఒకటే. లోపలి సోఫాలకీ, రంగు లైట్లకీ పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా బాక్సుని (అంటే మనుషులుండే పెట్టెని) చాసీ (అంటే చక్రాల మీదుండే ఇనుప చట్రం) మీద కూర్చోబెట్టే పని మీద పెట్టరు. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, ఆ పని దగ్గర కాసేపు ఆగుతాను.

బండి, కాగితాలు

రెండు యాక్సిళ్ళ లారీ, కంపెనీ క్యాబిన్‌తో వచ్చే చాసీ, వెనక జంట చక్రాలు. టాటా, లేలాండ్, ఐషర్, భారత్ బెంజ్, ఏదైనా పరవాలేదు. మీ ఊళ్ళో మెకానిక్కి తెలిసిన బండి కాదు, దారిలో మనాలీలోనో కార్గిల్లోనో ఉన్న మెకానిక్కి తెలిసిన బండి కొనండి. బాక్సు పొడవు 20 అడుగులు దాటించొద్దు, ఘాట్ మలుపుల్లో మూడుసార్లు రివర్సు వేస్తూ ఉంటే వెనక హారన్లు తినాల్సింది మీరే. ఆర్మీ వేలంలో వచ్చే స్టాలియన్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను లాగుడు అందే) లారీలంటే అందరికీ మోజు, నాకూ ఇష్టమే, కానీ రిజిస్ట్రేషన్ కాగితాలు తేలకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

"బస్సు కొంటే పోయేది కదా, కిటికీలు కూడా ఉంటాయి" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఎక్కువగా బావమరిది. బస్సుకి వెనక చక్రాల తర్వాత తోక చాలా పొడుగు. వాగులోకి దిగి ఎక్కేటప్పుడు ఆ తోక నేలని గీరుకుంటుంది. లారీకి ఆ బాధ తక్కువ, కింద నేలకి ఎడం కూడా ఎక్కువ. చర్చ అక్కర్లేదు, లారీయే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మన దేశంలో కారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఒకటి ఉంది. కాబట్టి ముందు ఆర్టీఏ ఆఫీసుకి డ్రాయింగుతో వెళ్ళండి, ఆ తర్వాతే వెల్డర్ దగ్గరికి. అంతా కట్టేశాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని బతిమాలుకుందాం అనుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళు ఆ ఒక్క సాకు చూపించి చేతులెత్తేస్తారు. ఇంత బండికి కారు లైసెన్సు కూడా చాలదు, హెవీ ఉండాలి.

బాక్సు

ఐస్‌క్రీం, చేపల బండ్లకి వాడే పఫ్ ప్యానెళ్ళు (మధ్యలో గట్టి నురుగు నింపిన పలకలు), 50 మిల్లీమీటర్ల మందం. స్క్వేర్ పైపులతో ఫ్రేము కట్టి, బయట రేకు, లోపల ప్లైవుడ్డు, మధ్యలో థర్మాకోలు పెట్టే పాత పద్ధతి వద్దంటే వద్దు. ఇనుప పైపు బయటి చలిని నేరుగా లోపలికి లాక్కొస్తుంది, ఎనిమిది మంది ఊపిరి తేమంతా రాత్రికి రాత్రి ఆ పైపుల వెంట చెమటలా పట్టి ప్లైవుడ్డులోకి దిగుతుంది. వెడల్పు చట్టం ఒప్పుకునే 2.6 మీటర్ల లోపు, మొత్తం ఎత్తు 3.5 మీటర్ల లోపు ఉంచండి. రైలు వంతెనల కింద దూరే ప్రతిసారీ ఈ మాట గుర్తొస్తుంది.

అసలు పని: బాక్సుని చాసీ మీద కూర్చోబెట్టడం

విజయవాడ ఆటోనగర్ అయినా ఇంకెక్కడైనా, మామూలు లారీ బాడీ కట్టే పద్ధతి ఒకటే: చాసీ మీద చెక్క దుంగలు వేసి, బాడీ పెట్టి, చుట్టూ యు బోల్టులు గట్టిగా బిగించేస్తారు. ఇసుక, ధాన్యం, సిమెంటు మోసే బాడీకి అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ బాడీ కూడా చాసీతో పాటు ఊగుతుంది, కిర్రుమంటుంది, ఎవరూ పట్టించుకోరు. మన బాక్సు అలా కాదు. నాలుగు గోడలు, టాపు, నేల అన్నీ అంటించిన ఒకే గట్టి పెట్టె అది. మెలిపడడం దానికి తెలీదు.

చాసీ మాత్రం మెలిపడాలి, అలా మెలిపడేలాగే దాన్ని తయారు చేశారు. నులక మంచం ఒక కోడు గుంటలో పడితే పట్టెలు ఎలా మెలితిరుగుతాయో, ముందు ఎడమ చక్రం రాయెక్కి, వెనక కుడి చక్రం కూడా ఎత్తు మీదున్నప్పుడు చాసీ సరిగ్గా అలాగే తిరుగుతుంది. గట్టి పెట్టెని నాలుగు మూలలా దానికి బిగించేశారనుకోండి, ఏదో ఒకటి ఓడిపోవాలి. పెట్టె ఓడిపోతే ముందు తలుపు పై మూలలో జుట్టుపోగంత గీత వస్తుంది, తర్వాత కిటికీ అద్దం పగులుతుంది, తర్వాత ప్యానెళ్ళ అతుకులు విడిపోతాయి. చాసీ ఓడిపోతే ఇంకా ఘోరం, క్యాబిన్ వెనకే, బాక్సు మొదలయ్యే చోట చాసీ పొడవునా వెళ్ళే ఇనుప ఛానెల్ పగులుతుంది. అంత పెద్ద బోల్టులు వేశామండీ, ఎలా పగిలింది అని అడుగుతారు. అంత పెద్ద బోల్టులు వేశారు కాబట్టే పగిలింది.

చేయాల్సింది ఇది. బాక్సు కింద విడిగా ఒక సబ్‌ఫ్రేము, అంటే ఇంకో ఇనుప చట్రం, కట్టండి, దాని రెండు పొడవాటి ఛానెళ్ళు సరిగ్గా చాసీ ఛానెళ్ళ మీద కూర్చోవాలి. వెనక యాక్సిల్ దగ్గర్నుంచి వెనక్కి ఉన్న భాగాన్ని మందపాటి ప్లేట్లతో చాసీకి కదలకుండా బోల్టు చేయండి. అక్కడ్నుంచి ముందుకి ఒక్క చోట కూడా గట్టిగా బిగించకూడదు. ముందు భాగమంతా చాసీ మీదే కూర్చోవాలి, స్ప్రింగులు దాన్ని పట్టి ఉంచాలి. అంటే చాసీకి ఒక బ్రాకెట్, సబ్‌ఫ్రేముకి ఒక బ్రాకెట్, రెండిట్లోంచి దిగే పొడవాటి బోల్టు, ఆ బోల్టుకి గట్టి కాయిల్ స్ప్రింగు. చదును రోడ్డు మీద స్ప్రింగు సబ్‌ఫ్రేముని కిందకి అణిచిపెట్టి ఉంచుతుంది. చాసీ మెలిపడినప్పుడు స్ప్రింగు నలిగి, ఒక పక్క చాసీ కిందికి జారడానికి దారి ఇస్తుంది. బాక్సు పక్కలకి జరక్కుండా అడుగడుగునా నిలువు గైడ్ ప్లేట్లు పెట్టండి, వాటిని చాసీకో సబ్‌ఫ్రేముకో ఒకదానికే బోల్టు చేయాలి, రెండోదాని మీద రాసుకుంటూ జారాలి.

బాక్సుని మూడు చోట్ల మాత్రమే, తిరిగే కీళ్ళ మీద నిలబెట్టే మూడు పాయింట్ల పివట్ గొప్పదని వాదించేవాళ్ళున్నారు. మెర్సిడెస్ వాళ్ళ యునిమాగ్ లాంటి పొట్టి బండికి అది బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. మన పొడవాటి చాసీకి అలా చేస్తే బరువంతా మూడు చోట్లే కూర్చుంటుంది, ఆ మూడు చోట్లా చాసీకి అదనపు బలం ఇవ్వాలి, కంపెనీ ఒప్పుకోదు. స్ప్రింగు పద్ధతిలో బరువు పొడవునా పడుతుంది. వేరే ఆలోచన పెట్టుకోకండి.

స్ప్రింగు ఎంత కదలాలో అంచనా మీద వేయకండి. బాక్సు పెట్టకముందే ఖాళీ చాసీని దుంగల మీదకి ఎక్కించండి, ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు తెచ్చి ఎడమ, కుడి ఛానెళ్ళ ఎత్తు తేడా ముందొకచోట, వెనకొకచోట కొలవండి. ముందూ వెనకా ఎత్తు ఎదురెదురు పక్కలుంటే రెండు తేడాలూ కలపండి, ఒకే పక్కనుంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి, వచ్చిందే మీ మెలిక. స్ప్రింగు దానికంటే ఎక్కువే నలగగలగాలి. చుట్లు ఒకదానికొకటి తగిలిపోయేదాకా నట్టు బిగించారంటే అది స్ప్రింగు కాదు, మామూలు బోల్టే. వెల్డరు కుర్రాడికి ఈ మాట మూడుసార్లు చెప్పినా నాలుగోసారి తిరిగి చూసేసరికి ఇంపాక్ట్ గన్‌తో బిగించి ఉంచుతాడు, గట్టిగా బిగిస్తేనే మంచి పనితనం అని వాళ్ళ గురువు నేర్పాడు మరి. ఆ రోజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వనివి) వాడండి, బిగించాక బోల్టు మీదా నట్టు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి, వదులైతే గీత తప్పి కనిపిస్తుంది.

చాసీని వెల్డింగ్ ముట్టకూడదు. అది ఎక్కువ బలానికి తయారు చేసిన ఉక్కు, వెల్డు పడిన చోటు పక్కన పెళుసెక్కి కొన్నాళ్ళకి అక్కడే విరుగుతుంది. రంధ్రాలు వేయాల్సి వస్తే ఛానెల్ నిలువు గోడ మధ్యలోనే వేయండి. పై రెక్కకి, కింది రెక్కకి డ్రిల్లు పెట్టకూడదు, బండి బరువుకి వచ్చే లాగుడంతా ఆ రెక్కల మీదే ఉంటుంది. కంపెనీ ముందే వేసి ఉంచిన రంధ్రాలు చాలా వరకు సరిపోతాయి, వెతికే ఓపిక ఉండాలి. సబ్‌ఫ్రేము వెల్డింగ్ కూడా బండి మీద కాదు, కింద నేల మీద. తప్పనిసరై బండి మీద చేయాల్సి వస్తే బ్యాటరీ రెండు వైర్లూ, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) కనెక్టర్లూ పీకేయండి. బీఎస్ 6 బండిలో ఒక్క నిప్పురవ్వ ఖరీదు ఎంతుంటుందో షోరూంలో అడిగి చూడండి.

ఇంకొక్కటి. క్యాబిన్‌కీ బాక్సుకీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ఇంజను చూడాలంటే క్యాబిన్ ముందుకి వంగాలి, వంగేటప్పుడు దాని వెనక గోడ కింది అంచు ఎక్కడెక్కడికి వస్తుందో వంచి చూసి, అప్పుడు బాక్సు స్థానం గుర్తు పెట్టండి. పిల్లలు అటూ ఇటూ రావడానికి దారి కావాలంటే మధ్యలో రబ్బరు తొడుగు పెట్టి, అది క్లిప్పులతో ఊడొచ్చేలా చేయించండి.

అన్నీ బిగించాక మళ్ళీ అదే దుంగల మీదకి ఎక్కించి, తలుపు తీసి వేసి చూడండి. చేత్తో మెల్లగా తోస్తే గడియ పడాలి. భుజంతో నెట్టాల్సి వస్తే పని అవ్వలేదు, బాక్సు ఎక్కడో పట్టేసింది. అలాంటప్పుడు ఇంటీరియర్ వాళ్ళకి బండి అప్పగించకండి, పెళ్ళి ముహూర్తం ఉన్నా సరే.

లోపల

ఇక్కడ ఎవరి ఇష్టం వాళ్ళది, అయినా కొన్ని చెప్తాను. బండి నడిచేటప్పుడు వెనక కూర్చునే ప్రతి మనిషికీ ముందుకి చూసే సీటు, బెల్టు ఉండాలి. ఆ బెల్టు బోల్టు ప్లైవుడ్డులోకి కాదు, సబ్‌ఫ్రేములోకి దిగాలి. అడ్డంగా పెట్టిన సోఫాలు బండి ఆగాక కూర్చోడానికే. అత్యవసర ద్వారం రెండోది తప్పనిసరి. పిల్లలకి మూడంతస్తుల బెర్తులు, పెద్దవాళ్ళకి కింది మంచం. బాక్సు నేల మనిషి నడుము దాటి ఉంటుంది కాబట్టి నానమ్మ ఎక్కాలంటే ఎనిమిది అంగుళాలకి మించని మెట్లు, రెండు వైపులా పట్టుకోడానికి కడ్డీలు.

నీళ్ళు 400 లీటర్లు, అంటే 400 కిలోలు. ట్యాంకు లోపల అడ్డుగోడలతో, యాక్సిళ్ళ మధ్య, వీలైనంత కిందకి. గ్యాసు గాలికంటే బరువు, సిలిండరు పెట్టే అరకి అడుగునే బయటికి రంధ్రం ఉండాలి. లేహ్ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కరు లేకుండా పప్పు ఉడకదు. లిథియం బ్యాటరీలని సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే పాడైపోతాయి, అందుకని వాటిని బాక్సు లోపలే, వెచ్చగా ఉండే చోట పెట్టండి. డీజిల్ హీటరు పెట్టిస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనండి. చలికాలంలో లద్దాఖ్ వెళ్తే మామూలు డీజిల్ గడ్డకడుతుంది, మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే వింటర్ డీజిల్ అక్కడ 2019 నుంచి దొరుకుతోంది. బీఎస్ 6 బండిలో పొగని శుభ్రం చేయడానికి పోసే డీఈఎఫ్ ద్రవం కూడా మైనస్ 11కే గడ్డకడుతుంది, అదనపు డబ్బా ఉంటే రాత్రి లోపల పెట్టుకోండి.

కాటా, ట్రయల్

నీళ్ళు, డీజిల్ నింపి, సామాను సర్ది, ఇంటిల్లిపాదినీ ఎక్కించి వేబ్రిడ్జి మీదకి వెళ్ళండి. మొత్తం బరువు ఒక్కటే చూసి రావద్దు. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం పెట్టి ఒకసారి తూయించండి. బండి ప్లేటు మీద ఒక్కో యాక్సిల్‌కి రాసిన బరువు లోపు ఉందో లేదో సరిచూసుకోండి. ఎడమ కమాన్ కట్టలు కుడివాటికంటే కిందకి దిగాయంటే వంటగదీ బాత్రూమూ ఒకే పక్క కట్టారన్నమాట, బ్యాటరీలు, టూల్ బాక్సు రెండో పక్కకి మార్చండి.

మొదటి ప్రయాణం దగ్గర్లోనే పెట్టుకోండి. అరకు ఘాట్ చాలు, మలుపులూ ఉంటాయి, గుంతల రోడ్లూ ఉంటాయి. తిరిగొచ్చాక బండి కింద దూరి, టార్చి వేసుకుని ప్రతి బోల్టు మీదా పెయింటు గీత చూడండి. తప్పిన ప్రతిదాన్నీ సరిచేసి, కొత్త గీత వేరే రంగుతో వేయండి. వెయ్యి కిలోమీటర్లకి మళ్ళీ ఒకసారి చూడండి, స్ప్రింగు బోల్టులతో సహా.