చెవి మిషన్ మూగబోతే ముందు ఇవి చూడండి

ముందు గులిమి. మోల్డును (చెవిలో కూర్చునే అచ్చు ముక్కను) మిషన్ నుంచి ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, గొట్టంలో చుక్క మిగలకుండా ఊది, రాత్రంతా ఆరనివ్వాలి. మిషన్‌కు మాత్రం తడి తగలకూడదు.

తర్వాత బ్యాటరీ. నారింజ స్టిక్కర్ అంటే సైజు 13, గోధుమరంగు 312, నీలం 675. సైజు మారితే పట్టదు. ఇది గాలి పీల్చుకుని పనిచేసే జింక్ బ్యాటరీ. స్టిక్కర్ పీకాక రెండు మూడు నిమిషాలు బయటే ఉంచి అప్పుడు వెయ్యండి, లేదంటే పూర్తి వోల్టేజీ రాదు. స్టిక్కర్ మళ్లీ అంటించి దాచుకుందామంటే కుదరదు. ఫ్రిజ్‌లో పెట్టడం శుద్ధ దండగ, తేమ పడుతుంది.

కుయ్యిమని కూస్తోందా? మోల్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా చెవిలోనే గులిమి ఉంది.

కొత్తది కొనే స్తోమత లేని 60 దాటినవాళ్లు కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల గురించి కనుక్కోండి, అర్హులకు ఉచితం.